పాత అప్పుకు కొత్త యౌవనం



ఈ వారం చెప్పదలచుకొన్న విషయం పురాణంలోనిది కాదు. అయితే పురాణాన్ని పూర్తిగా విడిచి చెప్పగలిగినదీ కాదు. ఇల్లు బ్యాంకులో తాకట్టుండగానే, ఆ తాకట్టు మీదనే మరికొంత అప్పు తెచ్చి పెద్ద ఇంటికి మారుట. మార్కాపురంలోనైనా, గిద్దలూరులోనైనా, కంభం, బేస్తవారిపేట, యర్రగొండపాలెంలలోనైనా, నెల జీతం మీదనో చిన్న వ్యాపారం మీదనో బ్రతికే కుటుంబాలలో ఈ ఆలోచన నేడు తరచు వినవస్తున్నది.

8, 10 ఏండ్ల క్రితం అప్పు చేసి రెండు గదుల ఇల్లు కొన్నారు. పిల్లలు ఎదిగినారు. పల్లెలో బోరు ఎండిపోగా వృద్ధులైన తల్లిదండ్రులు పట్టణానికి వచ్చి చేరినారు. ఇల్లు చాలదు. ఇంతలో బ్యాంకువారే ఫోను చేసి, మీ కంతులు సక్రమంగా వస్తున్నవి, అదే ఇంటి మీద ఇంకొక 12 లక్షలు టాపప్ ఇస్తామంటారు. తీసుకొనవచ్చునా, కూడదా?

అప్పు పాపమని నేను చెప్పబోవడం లేదు. అప్పు లేని గృహస్థులు ఏ యుగంలోనూ కొద్దిమందే. భారతంలో యక్షుడు ధర్మరాజును, సుఖముగా ఉండువాడెవడని అడిగినాడు. ధర్మరాజు చెప్పిన సమాధానంలో రెండు షరతులున్నవి. అప్పు లేకుండవలెను, ఇల్లు విడిచి పరదేశంలో ఉండకూడదు. అటువంటివాడు పొద్దు గడిచిన తరువాత కాసింత కూర వండుకొని తిన్నా సుఖియే. ఈ రెండు షరతులను ఆయన జంటగా ఎందుకు చెప్పినాడో వేరే సీమలవారికి వ్యాఖ్యానం అవసరమేమో గాని, మనకు అవసరం లేదు. వానలు తప్పిన ఏడు అప్పు వస్తుంది, అప్పు వెంట వలస వస్తుంది. గుంటూరు మిరపతోటలకో, హైదరాబాదు కట్టడాల పనికో సంసారాన్ని మూటగట్టుకొని బస్సెక్కిన కుటుంబాలు మన ప్రతి పల్లెలోనూ ఉన్నవి. ఆ ప్రవాసం తప్పించుకొనడానికే పట్టణంలో ఇల్లు కొంటాము. ఆ ఇంటి కోసం చేసిన అప్పే తిరిగి ప్రవాసానికి దారి తీయకుండా చూచుకొనుట నేటి మన ప్రశ్న.

మీలో ఎవరైనా వెంటనే ఒక మాట అనగలరు. ఏడుకొండలవాడే పెండ్లికి కుబేరుని వద్ద అప్పు చేసినాడు గదా, మనమెంత అని. నిజమే. ఆ కథ మనందరికీ తెలిసినదే. కలియుగాంతం వరకు వడ్డీ కడుతూ, అసలు ఆ తరువాత తీర్చెదనని ఆయన ఒప్పందం. అందుకే వడ్డికాసులవాడని పేరు. అయితే గమనింపవలసినది, ఆయనకు నిత్యం హుండీ ఉన్నది. ఆ రాబడికి కరవు లేదు, పదవీ విరమణ లేదు. యుగాంతం దాకా గడువివ్వడానికి మన బ్యాంకు మేనేజరు కుబేరుడూ కాడు. వడ్డీ మాత్రమే కడుతూ అసలును అట్లే ఉంచుకొనే పద్ధతి దేవునికి చెల్లినది, మనకు చెల్లదు. చిత్రమేమంటే, లెక్క సరిగా చూచుకొనక పోతే మనమూ తెలియకుండానే ఆ పద్ధతిలోనే నడుస్తాము. ఆ లెక్క ఇప్పుడు చెప్పెదను. కాస్త ఓపికతో వినండి. ఇంటిలో కాగితం మీద వేసి చూచుకోవచ్చును.

గిద్దలూరులో ఒక ఉపాధ్యాయుడు ఉన్నాడనుకొందాము. 38వ ఏట 10 లక్షలు అప్పు తీసుకొన్నాడు. వడ్డీ ఏడాదికి 9 శాతం, గడువు 20 ఏండ్లు. నెలకు కంతు 8,997 రూపాయలు. ఒక్క నెల కూడా తప్పకుండా 8 ఏండ్లు కట్టినాడు. మొత్తం చెల్లించినది సుమారు 8 లక్షల 64 వేలు. మరి అసలులో ఎంత తగ్గినది? సుమారు 2 లక్షల 9 వేలు మాత్రమే. తక్కిన 6 లక్షల 54 వేలు వడ్డీకి పోయినది. ఇందులో మోసమేమీ లేదు. కంతు అప్పులన్నిటికీ స్వభావమే అది. మొదటి ఏండ్లలో కంతులో పెద్ద పాలు వడ్డీకి, చిన్న పాలు అసలుకు. చివరి ఏండ్లలో అది తలక్రిందులవుతుంది. అనగా ఈ ఉపాధ్యాయుడు కష్టమైన ఎత్తును ఎక్కివచ్చి, ఇక దిగువకు నడిచే చోట నిలిచి ఉన్నాడు. మిగిలిన అప్పు 7 లక్షల 91 వేలు. ఇంకొక 12 ఏండ్లు అదే కంతు కడితే 58వ ఏటికి ఇల్లు విడుదలవుతుంది.

ఇప్పుడు ఆయన 12 లక్షల టాపప్ తీసుకొని, పాతదీ కొత్తదీ కలిపి మరల 20 ఏండ్లకు వ్రాయించుకొన్నాడనుకొందాము. వడ్డీ అదే 9 శాతం. అప్పు 19 లక్షల 91 వేలు, నెలకు కంతు 17,910 రూపాయలు. రెట్టింపు కంటే తక్కువే గదా, జీతం కూడా పెరిగినది గదా అని సంతోషిస్తాడు. మొత్తం చెల్లింపవలసినది సుమారు 42 లక్షల 98 వేలు.

అట్లుకాక, పాత అప్పును దాని దారిన 12 ఏండ్లకు నడువనిచ్చి, కొత్త 12 లక్షలను కూడా వేరుగా 12 ఏండ్లకే తీసుకొన్నాడనుకొందాము. నెలకు రెండు కంతులు కలిసి 22,653 రూపాయలు. బరువెక్కువే. కాని మొత్తం చెల్లింపు సుమారు 32 లక్షల 62 వేలు. తేడా 10 లక్షల పైమాట. మొట్టమొదట ఇల్లు కొనడానికి తెచ్చిన అప్పు ఎంతో, ఈ తేడా అంతకంటే ఎక్కువ!

ఈ తేడా అంతా కొత్త అప్పు వలన వచ్చినది కాదు. పాత 7 లక్షల 91 వేలను మరల 20 ఏండ్లకు సాగదీయడం వలననే అందులో 4 లక్షల పైన పడుచున్నది. ఆ డబ్బుకు ఒక్క గది కూడా రాదు, ఒక్క ఇటుక కూడా రాదు.

ఇక్కడనే నాకు యయాతి గుర్తుకు వస్తాడు. శుక్రాచార్యుని శాపం వలన అకాలంగా ముసలితనం వచ్చిన ఆ రాజు, కుమారులను ఒక్కొక్కరినే పిలిచి నా వార్ధక్యం తీసుకొని మీ యౌవనం ఇవ్వండని అడిగినాడు. నలుగురు ఒప్పుకొనలేదు. చిన్నవాడైన పూరుడు ఒప్పుకొన్నాడు. తండ్రి మరల యువకుడైనాడు, కొడుకు యౌవనంలోనే ముసలివాడైనాడు. టాపప్ పేరుతో పాత అప్పును మరల 20 ఏండ్లకు వ్రాయించినప్పుడు జరిగేది అచ్చంగా ఇదే. చావుకు దగ్గరైన అప్పుకు యౌవనం వస్తుంది. ఆ ముసలితనం ఎక్కడికో పోవలెను గదా, ఇంటిలో చిన్నవాని మీదికి పోతుంది. మన ఉపాధ్యాయుడు 46వ ఏట సంతకం చేస్తే అప్పు ముగిసేనాటికి ఆయనకు 66. మన రాష్ట్రంలో 2022 నుండి ప్రభుత్వోద్యోగి పదవీ విరమణ వయస్సు 62. ఆ నడుమనున్న 4 ఏండ్ల కంతులు, అనగా సుమారు 8 లక్షల 60 వేలు, ఎవరు కడతారు? కొడుకు కడతాడని బ్యాంకులోని దరఖాస్తులో వ్రాసి ఉండదు. ఇంటిలో అందరికీ తెలిసి ఉంటుంది, కొడుకుకు తప్ప.

న్యాయశాస్త్రం ఇక్కడ కొడుకుకు కొంత ఊరట ఇచ్చినది. తండ్రి అప్పు తీర్చుట కొడుకు ధర్మమన్న పాత హిందూ న్యాయాన్ని, 2005 నాటి హిందూ వారసత్వ సవరణ చట్టం, అప్పటి నుండి చేసే అప్పులకు రద్దు చేసినది. ఆ ధర్మాన్ని చూపి ఏ అప్పులవాడూ ఇక కొడుకు మీద దావా వేయలేడు. కాని తాకట్టులో ఉన్న ఇల్లు కొడుకు చేతికి వచ్చినప్పుడు తాకట్టుతోనే వస్తుంది. ఇల్లు కావలెనంటే అప్పు తీర్చవలసినదే. చట్టం మనిషిని విడిచినది గాని గోడలను విడువలేదు.

ఆ చట్టంలోనే మరియొక మాట ఉన్నది. పిత్రార్జితమైన ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కున్నది. మన రాష్ట్రంలో పెండ్లి కాని కూతుళ్లకు ఈ హక్కు 1985 నుండియే వచ్చినది. కనుక తాకట్టు పెట్టే ఇల్లు తాతలనాటిదైతే, అత్తవారింట ఉన్న కూతురిని కూడా అడిగి చేయవలసిన పని. ఇక ఇల్లాలి సంగతి చెప్పనక్కరలేదు. సహ రుణగ్రహీత అని ఆమె చేత సంతకం చేయిస్తారు. ఎన్ని లక్షలకో, ఎన్ని ఏండ్లకో ఆమెకు తెలియకుండానే సంతకాలు జరిగిన ఇండ్లు ఎన్నో. పెళ్ళినాడు సప్తపదిలో ఏడడుగులు కలిసి నడిచినవారు బ్యాంకు మెట్లు కూడా కలిసి ఎక్కితే మంచిది, కాగితం చదివిన తరువాత.

తాకట్టు అన్న మాటకు మన పెద్దల కాలంలో ఉన్న అర్థం వేరు, నేటి అర్థం వేరు. ఈ సంగతి కొంచెం విస్తరించి చెప్పవలసి ఉన్నది. ఎందుకంటే మనలో చాలామంది నేటి తాకట్టును తాతలనాటి మనసుతో చూస్తున్నారు.

ధర్మశాస్త్రాలు కుదువను ఆధి అన్నవి. అందులో రెండు విధాలు. వస్తువును భద్రంగా దాచి ఉంచేది గోప్యాధి. వస్తువు యొక్క ఫలాన్ని అప్పిచ్చినవాడు అనుభవించేది భోగ్యాధి. యాజ్ఞవల్క్యుని ధర్మం ప్రకారం, బాకీ రెట్టింపైన నాటికి విడిపించుకొనకపోతే గోప్యాధి నశిస్తుంది, భోగ్యాధి నశించదు. ఆ యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన వ్యాఖ్యను ఆధారం చేసుకొని 13వ శతాబ్దిలోనే కేతన తెలుగులో విజ్ఞానేశ్వరీయము రచించినాడు. అనగా తాకట్టు న్యాయం తెలుగువారికి తెలుగులో అందుబాటులోకి వచ్చి 700 ఏండ్లు దాటినది.

మన పల్లెలలో భోగ్యం అని నేటికీ చెప్పుకొనేది ఆ భోగ్యాధియే. పొలం షావుకారు సాగు చేసుకొంటాడు, మనం డబ్బు కట్టిననాడు పొలం తిరిగి వస్తుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం కూడా ఈ విడిపించుకొనే హక్కును 60వ సెక్షనులో గట్టిగా కాపాడినది. దావా వేయడానికి 1908 నాటి కాలపరిమితి చట్టంలో 60 ఏండ్ల గడువుండేది. 1963 నాటి చట్టం దానిని 30 ఏండ్లకు తగ్గించినది. 60 ఏండ్లంటే తాత పెట్టిన తాకట్టును మనుమడు విడిపించుకొనేంత కాలం! మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉండి, కర్నూలు మద్రాసు రాజధానిలో ఉన్న కాలంలో, 1938లో వచ్చిన మద్రాసు రైతు రుణ విమోచన చట్టం మరొక మేలు చేసినది. అసలుకు రెట్టింపు అప్పటికే కట్టి ఉన్న పాత బాకీలను తీరినట్లే ప్రకటించినది. ఇవన్నీ విన్న చెవులు మనవి. అందుచేతనే, తాకట్టే గదా, ఎప్పటికైనా విడిపించుకొందాములే అన్న ధీమా మన రక్తంలో ఉన్నది.

ఇంటి మీద బ్యాంకు ఇచ్చే అప్పుకు ఆ ధీమా పనికిరాదు. 2002లో వచ్చిన సర్ఫేసీ చట్టం క్రింద బ్యాంకు కోర్టులో దావా వేసి డిక్రీ కోసం ఎదురుచూడనక్కరలేదు. కంతు గడువు దాటి 90 రోజులు గడిస్తే ఆ ఖాతా నిరర్థక ఆస్తుల పద్దులోనికి పోతుంది. తరువాత 60 రోజుల గడువుతో నోటీసు. ఆ తరువాత స్వాధీనం, వేలం. పల్లెలోని సాగుభూమికి ఈ చట్టం వర్తించదు, పట్టణంలోని ఇంటికి వర్తిస్తుంది. విడిపించుకొనే హక్కు కూడా 2016 సవరణతో కుదించుకొని పోయినది. వేలం ప్రకటన వెలువడే దాకానే ఆ హక్కు ఉంటుందని, వేలం జరిగి అమ్మకం పూర్తయ్యే దాకా కాదని, 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పినది. 60 ఏండ్ల నుండి పత్రికలో ఒక ప్రకటన పడే రోజు వరకు వచ్చినది మన హక్కు. వేలం నాటికి బావమరిది డబ్బు సర్దుతాడు, అన్నగారు పొలం అమ్మి ఇస్తారు అని కూర్చొంటే పని జరగదు.

ఇప్పుడు ఇంకొక చిక్కు చెప్పెదను. ఈ అప్పులలో అధిక భాగం మారే వడ్డీ మీద ఇచ్చేవి. రిజర్వు బ్యాంకు రెపో రేటు మారితే మన వడ్డీ కూడా మారుతుంది. 2022 మే మొదట్లో 4 శాతంగా ఉన్న రెపో రేటు 2023 ఫిబ్రవరి నాటికి 6.5 శాతం అయినది. పది నెలలు కూడా నిండలేదు. 20 లక్షలు 7 శాతానికి 20 ఏండ్ల గడువుతో తీసుకొన్నవాని కంతు 15,506 రూపాయలు. వడ్డీ 9.5 శాతమైతే మొదటి ఏండ్లలో ఆ 20 లక్షల మీద నెల వడ్డీయే 15,833 అవుతుంది. అనగా కంతు మొత్తం వడ్డీకే చాలదు. నెల నెలా కడుతూనే ఉంటాడు, అప్పు పెరుగుతూనే ఉంటుంది. కంతు మార్చకుండా గడువును పెంచుకొంటూ పోవడం వలన చాలామందికి ఈ సంగతి తెలియనే లేదు. తుదకు 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఆదేశం ఇచ్చినది. వడ్డీ మారినప్పుడు కంతు పెంచుకొనుటయా, గడువు పొడిగించుకొనుటయా, రెండూ కొంత కొంతయా అన్నది అప్పు తీసుకొన్నవానికే ఎంచుకొనే వీలివ్వవలెనని, గడువు పొడిగింపు వలన అప్పు పెరిగిపోయే స్థితి రానీయరాదని చెప్పినది. ఆ తరువాత 2025లో రేట్లు దిగినవి. దిగినవి మరల ఎక్కవని ఎవరూ హామీ ఇవ్వలేరు. కనుక ఈనాటి వడ్డీకి 2 శాతం కలిపి కంతు లెక్క వేసి చూచుకొనండి. అప్పుడు కూడా ఇల్లు గడుస్తుందనిపిస్తే అప్పు సంగతి ఆలోచింపవచ్చును.

రాబడి మాటకు వస్తే, మన సీమలో దానిని కొలవడానికి ఒక మంచి పాఠం కంభం చెరువు. గుండ్లకమ్మకు అడ్డుకట్ట వేసి, కొండల నడుమ విజయనగర కాలంలో కట్టిన చెరువది. కృష్ణదేవరాయల దేవేరి వరదరాజమ్మ కట్టించినదని ప్రతీతి. అలుగు పారిన ఏడు చెరువు సముద్రంలాగా ఉంటుంది. వరుసగా వానలు తప్పితే అదే చెరువు కడుపున పశువులు మేస్తాయి. దాని క్రింది రైతు నిండిన ఏటి నీటిని చూచి ప్రతి ఏడూ వరి వేయడు. నీరు చూచి నాటు. నెల జీతగాడు తనకిది వర్తించదనుకొంటాడు. కాని మన పట్టణాలలో దుకాణం నడిపేవాడు, బట్టలు కుట్టేవాడు, లారీ నడిపేవాడు, ప్రైవేటు పాఠశాలలో పాఠం చెప్పేవాడు, అందరి రాబడీ చివరకు ఆ వాన మీదనే ఆధారపడి ఉన్నది. పంట లేని ఏడు దసరాకు బట్టల దుకాణం ఎట్లుంటుందో మీకు తెలుసు.

పలకల సంగతి చూడండి. తెలుగునాట అక్షరం దిద్దిన పిల్లలు ఎందరో మార్కాపురం పలక మీదనే దిద్దినారు. ఆ పని శాశ్వతమనుకొన్న కుటుంబాలు ఇక్కడ వేలు. నోటు పుస్తకాలు వచ్చినవి, ప్లాస్టిక్ పలకలు వచ్చినవి, ఆ గిరాకీ తగ్గిపోయినది. కొందరు అదే రాతిని గోడలకు, నేలకు పరిచే బిళ్ళలుగా కోసి విదేశాలకు పంపి నిలబడినారు. అందరికీ అది సాధ్యం కాలేదు. 20 ఏండ్ల అప్పు వ్రాసే ముందు, నా వృత్తి 20 ఏండ్లు ఇట్లే ఉంటుందా అని ఒకసారి అనుకోవలసిన ఊరు మనది.

కనుక నా అభిప్రాయం ఇది. గత 5 ఏండ్లలో మీ రాబడి అన్నిటికంటే తక్కువైన ఏడేదో చూడండి. ఆ ఏటి రాబడిలో తిండికి, చదువుకు, మందులకు పోగా మిగిలే దానిలో కంతు ఇమిడితే ఆ అప్పు మీ స్తోమతుకు తగినది. ఇమడకపోతే, బ్యాంకు ఇస్తానన్నా అది మీది కాదు. బ్యాంకు చూచేది జీతపు చీటీ, ఇంటి విలువ. మీ తల్లిగారి మోకాళ్ల ఆపరేషను, చెల్లెలి పురుడు దాని లెక్కలోనికి రావు.

ఇంటి విలువ అంటే ఒక మాట. 1996లో శంకుస్థాపన జరిగిన నాటి నుండి వెలిగొండ నీరు వస్తుందన్న ఆశ మీద ఈ సీమలో ఎన్నో బేరాలు జరిగినవి. పూల సుబ్బయ్యగారి పేరు పెట్టుకొన్న ఆ ప్రాజెక్టు నీటి కోసం ఎదురుచూచిన కండ్లు ఎన్నో మూతపడినవి. 2025 సంవత్సరాంతాన మార్కాపురం కేంద్రంగా జిల్లా ఏర్పడినది. మంచిదే, దానికోసం ఎందరో ఉద్యమించినారు. అయితే జిల్లా వచ్చినది గనుక ధరలు పెరుగుతవి, పెరిగిన ధర మీద అప్పు తెచ్చుకొందాము అన్న లెక్క నాకు నచ్చదు. పెరిగిన విలువ అమ్మిననాడు చేతికి వచ్చేది. తాకట్టు పెట్టిననాడు నెత్తికి వచ్చేది. 30 లక్షల లోపు ఇంటి అప్పుకు విలువలో 90 శాతం దాకా, 75 లక్షల లోపైతే 80 శాతం దాకా ఇవ్వవచ్చునని రిజర్వు బ్యాంకు గీచిన హద్దు. అది బ్యాంకుకు గీచిన హద్దు, మనకు గమ్యం కాదు.

మరి పెద్ద ఇల్లు వద్దా? అట్లనడం లేదు. ముసలి తల్లిదండ్రులు వరండాలో పడుకొంటుంటే, ఎదిగిన ఆడపిల్లకు చదువుకొనడానికి చోటు లేకుంటే, గది కావలెననుకొనడం విలాసం కాదు. అది గృహస్థు ధర్మమే. తోడల్లుడు మూడంతస్తులు కట్టినాడని మనమూ మారుట వేరు. ఈ రెండింటినీ వేరు చేయగలిగినవారు ఆ ఇంటివారే. బయటివారికి తెలియదు.

అవసరం గది మాత్రమే అయితే, ఉన్న ఇంటి మీద ఒక గది వేసుకొనుట మొదట ఆలోచింపదగినది. పునాది, స్లాబు బరువు మోయగలవా అని ఇంజనీరుకు చూపించి, మునిసిపాలిటీ అనుమతి తీసుకొని కట్టితే, 12 లక్షలు కావలసిన చోట చాలా తక్కువతో పోవచ్చును. కొత్త ఇల్లు కొంటే ధరతో పోదు. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషను ఖర్చులకు వేరుగా లక్షలు కావలెను, వాటికి బ్యాంకు అప్పు రాదు. సాధారణంగా ఇల్లాలి మెడలోనివి పోయేది అక్కడనే.

మారక తప్పదనుకొంటే, పాత ఇంటిని అమ్మి ఆ డబ్బుతో పాత అప్పు తీర్చి, కొత్త ఇంటికి అవసరమైనంతే అప్పు తీసుకొనుట నాకు మేలుగా తోస్తున్నది. టాపప్ దారిలో పాత ఇల్లు బ్యాంకు దగ్గరనే ఉంటుంది, కొత్త ఇల్లు దాని అప్పు మీద నిలుస్తుంది. పాత ఇంటికి అద్దె వస్తుంది గదా అంటారు. వస్తుంది. నెల నెలా కంతు తప్పదు గాని, అద్దెకు ఖాళీ నెలలుంటవి, వెల్ల వేయించవలసిన ఏండ్లుంటవి, ఇవ్వని అద్దెదారులు కూడా ఉంటారు. రెండు ఇండ్ల యజమాని అనిపించుకొనుట వినడానికి బాగుంటుంది.

ఏ కారణం చేతనైనా టాపప్ తీసుకొంటే, పాత అప్పు గడువును కదిలించవద్దని వ్రాతపూర్వకంగా అడగండి. రెండిటినీ కలిపి కొత్తగా వ్రాసుకొందాము, కంతు తేలికగా ఉంటుందని ఎవరు చెప్పినా యయాతిని తలచుకొనండి. కొత్త అప్పు గడువు మీ పదవీ విరమణకు ముందే ముగిసేటట్లు చూచుకొనండి. 6 నెలల కంతులకు సరిపడు సొమ్ము వేరే ఖాతాలో ఉంచుకొన్న తరువాతనే గృహప్రవేశానికి ముహూర్తం పెట్టించండి. మారే వడ్డీ మీద తీసుకొన్న ఇంటి అప్పును వ్యక్తులు ముందుగా తీర్చివేస్తే జరిమానా వేయరాదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉన్నది. కనుక పీఆర్సీ బకాయిలో, మిరప అమ్మిన డబ్బో చేతికి వచ్చిన ఏడు కొంత అసలుకు జమ చేయించండి. మొదటి ఏండ్లలో జమ చేసిన వేయి రూపాయలు చివరి ఏండ్లలో జమ చేసిన దానికంటే ఎంతో ఎక్కువ వడ్డీని మిగులుస్తవి. జమ చేసేటప్పుడు, కంతు తగ్గించవద్దు, గడువు తగ్గించండి అని చెప్పవలెను. చెప్పకుంటే వారికి తోచినది చేస్తారు.

అప్పు పూర్తిగా తీరిన తరువాత, 30 రోజులలోగా అసలు దస్తావేజులన్నీ తిరిగి ఇవ్వవలెనని, తమ వలన ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వవలెనని రిజర్వు బ్యాంకు 2023లో ఉత్తరువు ఇచ్చినది. 2023 డిసెంబరు 1 నుండి అది అమలులో ఉన్నది. దస్తావేజులు తీసుకొని ఊరకుండవద్దు. తాకట్టును రిజిస్టరు చేయించి ఉంటే దాని రద్దును కూడా సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో నమోదు చేయించి, ఈసీ తీయించి చూచుకొనండి. అందులో పాత తాకట్టు అట్లే కనబడుతుంటే రేపు అమ్మకం దగ్గర చిక్కు వస్తుంది. ఆ కాగితాలను ఇంటిలో ఎక్కడ ఉంచినారో ఇంటి యజమానికి ఒక్కనికే తెలిసి ఉంటే చాలదు, ఇల్లాలికీ పిల్లలకూ చూపించి ఉంచండి.